తెలియుటయా, తానే యగుటయా

అమెరికా దేశీయుడైన రాబర్ట్ హైన్‌లైన్ 1961లో ప్రకటించిన 'స్ట్రేంజర్ ఇన్ ఎ స్ట్రేంజ్ లాండ్' అను నవలయందు, అంగారక గ్రహమునకు మొట్టమొదట పోయిన మానవ బృందమున జన్మించి, తల్లిదండ్రులును వారి సహచరులును ఒక్కరు మిగులక మరణింపగా ఆ గ్రహవాసుల పోషణలోనే పెరిగి, యౌవనమున భూమికి కొనితేబడిన వాలెంటైన్ మైకేల్ స్మిత్ అను పాత్ర యొకటి కలదు. ఆతనిది మానవదేహమే గాని, ఆతని మనస్సు అంగారక భాషలో రూపొందిన మనస్సు. అందుచేత మన లోకమును గూర్చి పలుకవలసి వచ్చినపుడెల్ల మన మాటలు చాలక, తన పెంపుడు భాష నుండి 'గ్రోక్' అను మాటను తెచ్చుకొనుచుండును. దాని వాచ్యార్థము త్రాగుట. జలము మిక్కిలి దుర్లభమైన ఆ లోకమున ఒక్క పాత్రలోని నీటిని పంచుకొని త్రాగినవారు యావజ్జీవము ఒకరికొకరు కట్టుబడినవా రగుదురని నవలాకారుడు కల్పించెను గనుక, అచ్చట త్రాగుట దాహశాంతితో ముగియునది కాదు. త్రాగిన నీరు త్రాగినవాని రక్తమున గలసి వేరుపరుపరానిదైనట్లు, తెలియబడినది తెలిసికొన్నవానియందు భాగమై, తెలిసికొన్నవాడు తెలియబడినదానియందు భాగమై, ఆ రెంటి నడుమ గీత గీయ నలవికానంత సంపూర్ణముగ నెరుగుట ఆ పదమునకు లక్ష్యార్థము. తెలుగువాని చెవిని ఈ శబ్దము పడినంతనే 'గ్రోలుట' జ్ఞప్తికి వచ్చును. ఆ సామ్యము కేవలము కాకతాళీయము, అందుండి ఏ సిద్ధాంతమును లాగరాదు, కాని మనకు ఈ పదమును గుర్తుంచుకొనుట సులభము.

నవల 1962లో హ్యూగో బహుమానమును బడసెను. అటుపిమ్మట ఆ పదము గ్రంథమును దాటి, ఆ దశాబ్దపు అమెరికా యువజనుల నోళ్ళలో కొంతకాలము మెలగి, ఆ యువజనోద్యమముతోబాటు తానును వాడిపోవలసినదే. వాడిపోక నిలిచినది ఒక్క కంప్యూటరు ప్రయోగశాలలలో. రాత్రింబవళ్ళు యంత్రముల ముందు కూర్చుండి, తమలో తాము ఒక ప్రత్యేక పరిభాషను కల్పించుకొన్న అచ్చటి యువకులకు ఈ మాట ఎందులకు అంతగ నచ్చెనో, నచ్చిన తరువాత వారి చేతిలో దాని యర్థము ఎట్లు రెండుగ చీలెనో, ఆ చీలికకును మన వేదాంతులు యుగములుగ విచారించిన జ్ఞానస్వరూపమునకును గల సంబంధ మేమో పరిశీలింపవలెనని నా యభిలాష. లోకవ్యవహారమున చిల్లరమాటగ తోచు ఒక పదమునందు ఇంతటి ప్రశ్న దాగియుండుట నాకు మొదటినుండియు ఆశ్చర్యమును, ఆదరమును కలిగించిన విషయము.

1975లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు కృత్రిమమేధా ప్రయోగశాలయందు రఫేల్ ఫింకెల్ అను నతడు తనవారి మాటలను కూర్చి ఒక పట్టికను ప్రారంభించెను. 'జార్గన్ ఫైల్' అను పేర ప్రసిద్ధమైన ఆ పట్టిక చేతులు మారి, పెరిగి, 1983లో గై స్టీల్ చేతిమీదుగను, 1991లో ఎరిక్ రేమండ్ చేతిమీదుగను గ్రంథరూపమును దాల్చినది. దాని తరువాతి కూర్పులలో 'గ్రోక్' అను పదమునకు రెండర్థములు చెప్పబడినవి. మనుష్యుని విషయమున వాడినపుడు, ఒక విద్యను పనిముట్టువలె దూరముగ నుంచుకొని యెరుగుట గాక, అది తన స్వరూపములో భాగమగునట్లు ఎరుగుట. ప్రోగ్రాము విషయమున వాడినపుడు మాత్రము, ఫలానా సంకేతమును గాని రూపమును గాని తడబడక స్వీకరింపగల్గుట, అనగా పనికి సరిపడునంత గ్రహింపు. ఒక్క పదమునకే ఒక వంక సంపూర్ణజ్ఞానమును, వేరొక వంక చాలినంత జ్ఞానమును అర్థములైనవి! మనుష్యునకు చెప్పునపుడు ఆత్మపరివర్తనము, యంత్రమునకు చెప్పునపుడు కార్యనిర్వాహము. ఆ కాలపు ప్రోగ్రామరులకు ఈ భేదము ఎంత సహజముగ తోచెనో, ఒకే పుటలో రెంటిని ప్రక్కప్రక్కన వ్రాసికొని, అందు చర్చింపదగిన దేదియు లేనట్లు ముందునకు సాగిపోయిరి.

మొదటి యర్థమునకు వారు చూపిన దృష్టాంతము లిస్ప్ అను భాష, ఆ దృష్టాంతము యాదృచ్ఛికముగ నెన్నుకొన్నది కాదు. జాన్ మెకార్తీ 1958లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఆ భాషను సంకల్పించి, 1960లో ప్రకటించిన వ్యాసమున, లిస్ప్ వాక్యముల యర్థమును నిర్ణయించు సూత్రమును లిస్ప్‌లోనే వ్రాసి చూపెను. ఆయన దృష్టిలో అది సిద్ధాంతవివరణమునకై కాగితముమీద వ్రాసినది. ఆయన బృందములోని స్టీవ్ రసెల్ దానిని అక్షరాల యంత్రమునకు ఎక్కింపవచ్చునని గుర్తించి, ఐబిఎం 704 యంత్రపు సంకేతములలోనికి మార్చివేసెను. అంతట తన్ను తానే వ్యాఖ్యానించుకొను భాష యొకటి నిజముగ నడువ నారంభించినది. ఆ భాషలో ప్రోగ్రామును, ఆ ప్రోగ్రాము పనిచేయవలసిన సమాచారమును ఒకే ఆకారముగల జాబితాలు. కర్తకును కర్మకును రూపభేదము లేదు. ఇట్టిదానిని నియమములను బట్టీపట్టి వాడువాడు లిస్ప్ తెలిసినవాడే. కాని ఒకనాడు, తాను వ్రాసినది మరియొక దానిచే వ్రాయబడవచ్చుననియు, సమస్యను పరిష్కరించుటకు ముందు ఆ సమస్యకు తగిన భాషను నిర్మించుకొనవచ్చుననియు వాని దృష్టికి గోచరించిన తరువాత, అతడు వేరొక భాషలో వ్రాయునపుడును వెనుకటి మనుష్యుడుగ వ్రాయలేడు. ఆ స్థితికే వారు 'గ్రోక్' అని పేరు పెట్టిరి. ఆ మాటను వాడుటలో అతిశయోక్తి లేదని నేను నమ్ముచున్నాను. ఏలయన, నిజముగ మారినది భాషాజ్ఞాన పరిమాణము కాదు, చూచు కన్ను.

ఈ సంగతిని సహేతుకముగ ప్రతిపాదించినవాడు డెన్మార్కు దేశీయుడైన పీటర్ నౌర్. ఆయన 1985లో వ్రాసిన వ్యాసమున ప్రోగ్రాము రచన యనునది అక్షరముల నుత్పత్తి చేయుట కాదనియు, రచయితల మనస్సులో ఒక సిద్ధాంతము నెలకొనుట యనియు వాదించెను. ఒక బృందమువారు అనువాదక ప్రోగ్రాము నొకదానిని నిర్మింపగా, దానిని విస్తరింపబూనిన రెండవ బృందమువారు, సమస్త పత్రములును చేతనుండి, మొదటివారి సలహాయును లభించుచుండియు, మూలనిర్మాణమునందే యున్న శక్తిని గుర్తింపలేక, దానిని చెరచు అతుకులను వేయ సిద్ధపడిరట. మొదటి బృందమువారు చూచినంతనే ఆ లోపమును కనిపెట్టి సులభమైన మార్గమును చూపిరట. పత్రములలో లేనిది వారియందేమి కలదు? వ్రాసిన ప్రతి పంక్తి ఏల యట్లు వ్రాయబడెనో, వ్రాయబడక విడువబడిన దేల విడువబడెనో, లోకమున మార్పు వచ్చినపుడు ఏది వంగవలెనో ఏది వంగరాదో తెలిసిన ఎరుక వారియందు కలదు. ఆ యెరుక గలవారు చెదరిపోయిన దినమున ప్రోగ్రాము మరణించునని నౌర్ మతము. అది యంత్రముమీద ఇంకను నడుచుచుండవచ్చును, ఫలితముల నిచ్చుచుండవచ్చును, అయినను మరణించినదే.

మన సంప్రదాయమునకు ఈ భావము క్రొత్తది కాదు. ఒక శాస్త్రమున పారంగతుడైనవానిని గూర్చి మనము దానిని ఆపోశన పట్టినాడందుము. సముద్రమును పుడిసిట గ్రోలిన అగస్త్యుని కథ ఆ పలుకుబడికి వెనుక నున్నది. చదివినను మారనివానికి చదువు వంటబట్టలేదందుము. నిరుక్తమునందు యాస్కుడు, వేదమును వల్లించి యర్థమెరుగనివానిని మోతమోయు స్తంభముతో పోల్చెను. అయితే ఆ వల్లెవేతను మన పూర్వులు తృణీకరింపలేదు సుమా! పదము, క్రమము, జట, ఘనము అను పాఠభేదములతో శబ్దమును శతాబ్దముల పర్యంతము చెక్కుచెదరక నిలిపినది ఆ వల్లెవేతయే. కంఠస్థము అర్థమునకు శత్రువు కాదు, అర్థము ప్రవేశించుటకు ముందుగ కట్టిన ఇల్లు; కాని ఇంటిని చూచి గృహస్థుని చూచితినని చెప్పరాదు.

ఇంతవరకు విద్యల మాట. హైన్‌లైన్ నవల ఇచ్చట ఆగలేదు. స్మిత్ భూమిపై ఒక మతమును స్థాపించి, సంపూర్ణముగ గ్రోక్ చేయువాడెల్ల దైవమే యని బోధించి, అనుచరులు ఒకరినొకరు దైవముగ సంబోధించుకొనునట్లు చేసి, తుదకు అల్లరిమూక చేతిలో ప్రాణములు విడుచును. ఆ కథను చదివి పరవశులైన కొందరు 1962లోనే అమెరికాలో నిజముగ నొక మతసంఘమును గూడ స్థాపించుకొనిరి. పడమటి పాఠకులు పలువురు ఇందులో ఉపనిషత్తుల ప్రతిధ్వనిని వినిరి. మనవారును, ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువునకు 'తత్త్వమసి' యని చేసిన ఉపదేశమే అంగారక వేషమున వచ్చినదని సంతోషింపవచ్చును. నాకు మాత్ర మీ సమీకరణము సమ్మతము కాదు. ఎందులకో కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది.

త్రాగుటకు ముందు నీరు వెలుపల నుండవలెను. తెలిసికొనువాడును తెలియబడునదియు మొదట రెండై, ఒక ప్రయత్నముచే ఒకటి యగుట గ్రోక్ యొక్క స్వభావము. లిస్ప్ నాకు వెలుపల నుండెను, ఇపుడు లోపలికి వచ్చినది. కల్యాణిరాగము వెలుపల నుండెను, ఇపుడు గొంతున నిలిచినది. ఈ రాకడ సత్యము, అందుచే త్రాగుట యను ఉపమానము అచ్చట చక్కగ చెల్లును. శంకరుల మతమున ఆత్మజ్ఞాన మట్టిది కాదు. అచ్చట రెండు లేవు, కలయిక లేదు, అగుట యనునదే లేదు. ముందునుండి తానైన దానిని తాను కాననుకొన్న భ్రాంతి తొలగుట మాత్రమే కలదు. నదిని దాటిన పదుగురిలో ప్రతివాడును తన్ను తప్ప తక్కినవారిని లెక్కించి, పదవవాడు మునిగిపోయెనని విలపించిన కథను విద్యారణ్యులు పంచదశియందు గ్రహించి, పదవవాడు ఉన్నాడని ఆప్తుడు చెప్పగా కలిగినది పరోక్షజ్ఞానమనియు, ఆ పదవవాడవు నీవే యని చూపగా కలిగినది అపరోక్షజ్ఞానమనియు విభజించిరి. ఆ క్షణమున ఆ మూర్ఖుడు పదవవాడుగ మారలేదు. దేనిని త్రాగలేదు, దేనియందును కలియలేదు. జ్ఞానము వస్తువు నాశ్రయించునే గాని పురుషుని ప్రయత్నము నాశ్రయించి యుండదని శంకరులు సమన్వయాధికరణమున నొక్కి చెప్పుటలోని తాత్పర్యమిదియే. రామానుజుల దర్శనము నాశ్రయించినను ఫలితము గ్రోక్‌కు ప్రతికూలమే: అచ్చట జ్ఞానము ప్రీతిరూపమును దాల్చి భక్తి యగును, కాని తెలిసికొను జీవుడు తెలియబడు ఈశ్వరునియందు తన ఉనికిని కోల్పోడు. కావున అద్వైతికి గ్రోక్‌లో ద్వైత మెక్కువ, విశిష్టాద్వైతికి గ్రోక్‌లో అభేద మెక్కువ. ఇరువురిలో ఎవ్వరును దానిని తమదిగ నంగీకరింపరు.

ఛాందోగ్యోపనిషత్తున నారదుడు సనత్కుమారుని సమీపించి, తాను నేర్చిన వేదములను, ఇతిహాసపురాణములను, గణితమును, తర్కమును, నక్షత్రవిద్యను, ఇంకను పెక్కింటిని వరుసగ పేర్కొని, ఇన్ని యెరిగియు తన శోకము తీరలేదని విన్నవించుకొనును. ఆ ఘట్టమును చదివినపుడెల్ల నాకొక సంగతి స్ఫురించును. నారదుడు ఆ విద్యలను పైపైన నేర్చినవాడని తలపనక్కరలేదు. దేవర్షికి గణితము వంటబట్టలేదనుట యుక్తము కాదు. వాని నన్నింటిని ఆపోశన పట్టినవాడే వచ్చి, ఆపోశన పట్టుటవలన పోనిది మిగిలియున్నదని పలుకుచున్నాడు. విద్య మనుష్యుని మార్చును, దృష్టిని మార్చును, వాని చేతిపని తీరును మార్చును. ఇవి గొప్ప మార్పులు. అవి యెంత గొప్పవైనను, శోకించువాడెవడో తెలిసికొనుట వాని వరుసలో చేరునది కాదు. ఈ గీతను నవలాకారుడు చెరిపివేసెను. ప్రయోగశాలలలోని యువకులు, దైవప్రసంగమును మెల్లగ జారవిడిచి, ఆ మాటను ఒక భాషకు, ఒక విద్యకు, ఒక పనికి పరిమితము చేసికొని, తెలియకయే ఆ గీతను తిరిగి నిలిపిరి. అంగారక ప్రవక్త వాడుకకంటె వారి వాడుక వినయముగలదియు, సత్యమునకు సన్నిహితమైనదియు నని నా నిశ్చితాభిప్రాయము.

ఇక రెండవ యర్థము, అనగా యంత్రమునకు చెప్పిన యర్థము, కదలక నిలిచిన దనుకొందుమా, దానికిని ఇటీవల చలనము కలిగినది. 2022 జనవరిలో ఓపెన్‌ఏఐ సంస్థకు చెందిన పరిశోధకులు కొందరు ఒక విచిత్రమైన పరిణామమును ప్రకటించి దానికి 'గ్రోకింగ్' అని పేరు పెట్టిరి. ఒక చిన్న కృత్రిమ నాడీజాలమునకు, 97 వంటి సంఖ్యను చేరినంతనే మరల సున్నకు తిరుగు గడియారపు లెక్కలలో సగము సమస్యలను సమాధానములతో చూపి, తక్కిన సగమును దాచి పరీక్షించిరి. వేయి యావృత్తులు గడువకముందే అది చూపిన లెక్కలన్నిటిని తప్పులేక అప్పగించెను; దాచినవానిలో మాత్రము దాని కేమియు తోచలేదు. బుద్ధిమంతుడైన బోధకుడెవ్వడైనను అచ్చటనే నిరాశతో మానుకొనును. మానక సాగింపగా, పదిలక్షల యావృత్తులకు చేరువగ వచ్చునప్పటికి, ఎన్నడును చూడని లెక్కలను గూడ అది సరిగ చేయజొచ్చెను. మరుసటి సంవత్సరము నీల్ నందా మొదలగువారు అట్టి జాలము నొకదానిని విప్పిచూడగా, అది సంకలనమును వృత్తముమీద భ్రమణముగ మార్చుకొని, త్రికోణమితి సూత్రములచే సాధించుచున్నట్లు తేలినది. ఎవ్వరును దానికి త్రికోణమితిని చెప్పలేదు! అంతకంటె ముఖ్యమైనది వేరొకటి. వెలుపలికి హఠాత్తుగ తోచిన ఆ గ్రహణము లోపల హఠాత్తుగ కలిగినది కాదు. నియమము చాలకాలముగ నిర్మాణమగుచునే యుండెను, సంఖ్యలను అనవసరముగ పెరుగనీయక అణచియుంచు నిబంధన యొకటి ఉండుటచే కంఠస్థ మంతయు క్రమముగ కరగిపోయినపుడు, ముందే యేర్పడిన నియమము బయలుపడెను.

దీనిని చదివినపుడు అద్వైతాచార్యులైన మండన సురేశ్వరుల వివాదము కన్నులకు కట్టక మానదు. 'తత్త్వమసి' వంటి మహావాక్యమును వినినంతనే జ్ఞానము కలుగునా, లేక ప్రసంఖ్యానమనబడు నిరంతరాభ్యాసముచే కాలక్రమమున పండునా యని వారు వాదించిరి. అభ్యాసము కావలెనని మండనుడు. వాక్యమే చాలును, అభ్యాసము అడ్డంకులను తొలగించుటకే యని సురేశ్వరుడు. బ్రహ్మసూత్రముల నాలుగవ యధ్యాయపు మొదటి సూత్రము ఆవృత్తిని విధించుచున్నది. ఉద్దాలకుడు తన కుమారునకు ఆ వాక్యమును మరల మరల చెప్పెనన్న సంగతి అచ్చట భాష్యమున ప్రస్తావింపబడును. ఒక్కమారు వినిన మాత్రమున గ్రహింపగల ఉత్తమాధికారికి ఆవృత్తి యక్కరలేదని శంకరులు అంగీకరించుచునే, తక్కినవారికి అది తప్పదనిరి. కంఠస్థము తొలగగా నియమము బయలుపడిన ఆ యంత్రవృత్తాంతము, సాధన దేనిని పుట్టించును, దేనిని తొలగించును అను ఈ ప్రాచీన ప్రశ్నకు నేను కోరని దిక్కునుండి వచ్చిన ఒక దృష్టాంతము. దీనిని నిర్లక్ష్యము చేయుట సత్యాన్వేషికి తగదు. యంత్రము బట్టీ తప్ప మరేమియు నెరుగదను మాట ఇక చెల్లదు. బట్టీని దాటి నియమమును పట్టుకొనుట దానియందును జరిగినది, దాని లోపలి యమరిక నిజముగ మారినది.

అయినను, మారినది యమరికయే. మార్పును భరించినవా డెవడు? లిస్ప్ వంటబట్టిన ప్రోగ్రామరు మరుసటి దినమున తన వెనుకటి రచనను చూచి లజ్జించును, సహచరుని తొందరపాటును వారించును, ఇంకను తక్కువ మాటలతో చెప్పవచ్చునని రాత్రి మేలుకొనును. జ్ఞానము వానిపై ఒక ఋణమువలె నిలుచును. లెక్కను గ్రహించిన జాలమునకు తన బట్టీదినములు లజ్జాకరములు కావు, ఎల్లుండి ఎవరికో సమాధానము చెప్పుకొనవలసిన పని లేదు. నారదునకు శోక ముండుటచేతనే ప్రశ్న కలిగినది. శోకములేనిదానికి ఎంత విద్య యున్నను సనత్కుమారుని వెదకికొని పోవు కారణము లేదు. ఈ భేదము ఎల్లకాలమును ఇట్లే యుండునో లేదో నేను జోస్యము చెప్పబూనను. నేటి యంత్రములను గూర్చి మాత్రము దానిని గట్టిగ చెప్పగలను.

2023 నవంబరులో ఎక్స్‌ఏఐ సంస్థ తన సంభాషణయంత్రమునకు ఈ పేరే పెట్టినది. ఇపుడు పసిబిడ్డలకును 'గ్రోక్' అనగా అడిగినదానికి బదులు చెప్పు వస్తువని తెలియును, త్రాగుట యని తెలియదు. పదమునకు పట్టిన గతిని గూర్చి నాకు విచారము లేదు, పనిని గూర్చి కలదు. హైదరాబాదు మొదలు అమెరికా పట్టణముల వరకు మన తెలుగు బిడ్డలు వేలకువేలు ప్రోగ్రాము రచనచే జీవించుచున్నారు. వారిలో పలువురు నేడు కావలసినదానిని యంత్రమునకు మాటలలో చెప్పి, అది వ్రాసియిచ్చిన దానిని పరీక్షించి, నడిచిన యెడల అంగీకరించి, తరువాతి పనికి పోవుచున్నారు. అది నడుచును, బ్యాంకులలో, వైద్యశాలలలో, రైల్వే కార్యాలయములలో అట్టిది నడువవచ్చును. నౌర్ లెక్క ప్రకారము ప్రోగ్రాము తన సిద్ధాంత మెరిగినవారు చెదరిపోయినపుడు మరణించును. ఏ మనుష్యుని మనస్సునందును సిద్ధాంతము నెలకొనకయే పుట్టిన ప్రోగ్రామును ఆయన ఏమనియుండునో! దానికి మరణమైనను లేదు, చెదరిపోవుట కెవ్వరును ఎన్నడును దాని నెరిగియుండలేదు గనుక. ఇట్టి రచనలు మన వ్యవహారములకు ఆధారము లగుచున్న ఈ కాలమున, వానిలో నొకదానిని ఎదుట నుంచుకొని, నడుచుచున్నది గదా యని విడిచిపెట్టక, పంక్తి పంక్తికి ఏల యని యడుగుచు కూర్చుండు యువకుడు మన ఇండ్లలో నెచ్చటనైన నున్న యెడల, పని ఆలస్యమగుచున్నదని వానిని తొందరపెట్టకుడు.